ప్రదర్శనకు వెళ్ళే కుక్క

చలి మొదలయ్యేసరికి నాకు వచ్చే వుత్తరాలలో ఒక ప్రశ్న తప్పకుండా వుంటుంది. మా కుక్కను యీ నెలాఖరున ప్రదర్శనకు తీసుకువెళ్ళాలనుకుంటున్నాము, బొచ్చు నిగనిగలాడాలంటే ఏ నూనె రాయాలి, నాలుగు కిలోలు ఒళ్ళు చేయాలంటే ఏ టానిక్కు పట్టాలి, అని. పరీక్ష రేపనగా పుస్తకం దుమ్ము దులిపే కుర్రవాడికి ఏమి సలహా చెబుతాము? హాయిగా నిద్రపోయి పొద్దున్నే లేవమంటాము. యీ వుత్తరాలకు నా జవాబూ అంతే. పది రోజుల్లో మీరు చేయగలిగినది ఒక స్నానం, గోళ్ళు తీయడం, కాస్త దువ్వడం. తక్కినదంతా గత ఆరు నెలల్లో మీ వంటింట్లోనూ, పెరట్లోనూ, తెల్లవారుజామున మీ వీధిలోనూ అయితే అయిపోయి వుండాలి, లేకపోతే లేదు. అంచేత యీ సంవత్సరం ప్రదర్శన సంగతి కాక, వచ్చే సంవత్సరం సంగతి మాట్లాడుకుందాము.

కుక్కల వాళ్ళు "కండిషను" అనే మాట వాడుతుంటారు. కుక్క మంచి కండిషనులో వుంది అంటే లావుగా వుందని కాదు, అందంగా వుందనీ కాదు. ఎముక మీద తగినంత కండ, కండ మీద తగినంత కొవ్వు, దానిమీద బిగువైన చర్మం, శుభ్రమైన బొచ్చు, తేటకళ్ళు, అలుపులేని నడక, వీటన్నిటి మొత్తానికీ ఆ పేరు. మన రైతులకు యీ విద్య ఒకరు నేర్పనక్కరలేదు. సంతలో ఒంగోలు గిత్తను బేరమాడే రైతును చూడండి. వెన్నుమీద అరచెయ్యి వేసి నిమురుతాడు, డొక్క చూస్తాడు, నోరు తెరిచి పళ్ళు చూస్తాడు, నాలుగడుగులు నడిపించమంటాడు. పశువును తోమి, కొమ్ములకు రంగేసి తెచ్చినంత మాత్రాన అతడు మోసపోడు. కుక్కల ప్రదర్శనలో కోటూ టోపీ పెట్టుకున్న జడ్జీ చేసేదీ అచ్చంగా అదే.

ప్రదర్శన యెన్నడూ చూడనివారికోసం రెండు మాటలు. మన దేశంలో కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా అనే సంస్థ 1896 నాటిది. ప్రధాన కార్యాలయం చెన్నైలో వుంది. కుక్కల వంశాలను నమోదు చేయడం, వూరూరా క్లబ్బులు జరిపే ప్రదర్శనలకు గుర్తింపు యివ్వడం దాని పనులు. ప్రతి జాతికీ, ఎత్తెంత, తల యెట్లా వుండాలి, తోక యెట్లా వుండాలి, నడక యెట్లా సాగాలి అని వ్రాసిపెట్టిన ప్రమాణం ఒకటి వుంటుంది. బరిలో నిలబడిన పది కుక్కల్లో ఏది ముద్దొస్తున్నది అని జడ్జీ చూడడు. ఏది ఆ ప్రమాణానికి దగ్గరగా వుంది అని చూస్తాడు. తల ఆకారం, కాళ్ళ కోణం, తోక పొడుగు తల్లిదండ్రులిచ్చినవి. వాటిని మనం మార్చలేము. మన చేతిలో వున్నది కండిషను ఒక్కటే. సమవుజ్జీలైన రెండు కుక్కలు యెదురైనప్పుడు తీర్పు తరచు దానిమీదనే తేలుతుంది.

ఒళ్ళు సరిగా వున్నదీ లేనిదీ తెలుసుకోవడానికి తూకం యంత్రంకంటె మీ చెయ్యే మంచి సాధనం. యిప్పుడే చేసి చూడండి. ఎడమచేతి పిడికిలి బిగించి, కుడిచేతి వేళ్ళతో ఆ మెటికల మీద తడమండి. కుక్క ప్రక్కటెముకలు మీ చేతికి అట్లా తగిలితే అది బక్కచిక్కి వుంది. పిడికిలి విప్పి, అరచేతిలో బొటనవేలి క్రింది కండను తడమండి. ప్రక్కటెముకలు అట్లా మెత్తగా, వున్నాయో లేవో తెలియకుండా వుంటే కొవ్వు పట్టింది. యిప్పుడు చెయ్యి చాపి బోర్లించి, వెనకవైపు తడమండి. ఎముకలు కంటికి కొట్టవచ్చినట్లు కనబడవు, కాని వేలికి వెంటనే తెలుస్తాయి. కుక్క ప్రక్కలు అట్లా వుండాలి. తరువాత పైనుంచి చూస్తే పక్కల వెనక నడుము కాస్త లోపలికి పోవాలి. పక్కనుంచి చూస్తే పొట్ట వెనకవైపు పైకి లేచి వుండాలి. పైనుంచి చూసినప్పుడు కుక్క తిన్నెమీది దిండులాగు కనబడితే అది ప్రదర్శన లోపం మాత్రమే కాదు, ఆరోగ్య లోపం.

యీ మాట నేను బెదిరించడానికి చెప్పడం లేదు. 2002లో అమెరికా పరిశోధకులు ఒక దీర్ఘకాల పరిశోధన ఫలితాలు ప్రకటించారు. ఒకే ఈతలో పుట్టిన లాబ్రడార్ పిల్లలను జతలు జతలుగా, మొత్తం 48 కుక్కలను తీసుకొని, ప్రతి జతలో ఒకదానికి రెండవదాని కంటె నాలుగోవంతు తక్కువ తిండి పెట్టుకుంటూ, జీవితాంతం గమనించారు. తక్కువ తిన్న కుక్కల ఆయుర్దాయం మధ్యస్థంగా 13 సంవత్సరాలు. యెక్కువ తిన్నవాటిది 11.2. అంటే దాదాపు రెండేళ్ళ తేడా. అంతేకాదు, కీళ్ళ వాపులు కూడా సన్నని కుక్కలకు ఆలస్యంగా, తక్కువగా వచ్చాయి. పదమూడేళ్ళ జీవితంలో రెండేళ్ళంటే మన లెక్కలో యెంతో మీరే చూసుకోండి. ఏ టానిక్కూ, ఏ ఖరీదైన డబ్బా తిండీ యివ్వలేని రెండేళ్ళవి. మనం గిన్నెలోనుంచి ఒక పిడికెడు తీసివేస్తే వస్తాయి.

కాని ఆ పిడికెడు తీయడమే మన యిళ్ళలో బ్రహ్మప్రళయం. మా వీధిలో ఒక లాబ్రడార్ వుండేది. తల అందం, ఛాతీ వెడల్పు, నీటికుక్క తోకలాంటి లావు తోక, అన్నీ ప్రమాణానికి తగినట్లే. పొద్దున్న తాతగారి బిస్కట్లు, పదింటికి బామ్మగారి పెరుగన్నం, మధ్యాహ్నం కోడలుగారి యిడ్లీ, సాయంత్రం బడినుంచి వచ్చిన పిల్లల చిప్సు, రాత్రి యజమాని పెట్టే అసలు భోజనం. ఒకరు పెట్టినది మరొకరికి తెలియదు. అడిగితే ప్రతివారూ "నేను పెట్టినది యింతే కదండీ" అనేవారు. నిజమే, ప్రతివారూ పెట్టినది యింతే. బరిలో జడ్జీ దాని పక్కమీద చెయ్యి వేసి, ఒక్క క్షణం వుంచి, ఏమీ అనకుండా ముందుకు సాగిపోయాడు. ఓడిపోయినందుకు ఆ యింటివాళ్ళు రెండు రోజులు బాధపడి మరిచిపోయారు. కాని యెనిమిదో యేట అది మెట్లెక్కలేక క్రింద నిలబడి మూలుగుతుంటే ఆ బాధ మరవడానికి వీలు లేకపోయింది. జడ్జీ చెయ్యి ఆనాడు చెప్పిన సంగతే అది.

లాబ్రడార్లున్నవారు మరొక సంగతి తెలుసుకోవాలి. 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు యీ జాతిలో ఆకలిని అదుపుచేసే ఒక జన్యువులో లోపాన్ని కనుగొన్నారు. సుమారు నాలుగింట ఒక లాబ్రడార్‌కు ఆ లోపం వుందట. అటువంటి కుక్కకు కడుపు నిండిందన్న తృప్తి సరిగా కలగదు. అంచేత అది మీ కంచంవైపు జాలిగా చూసినప్పుడల్లా ఆకలితో వుందనుకోకండి. ఆ చూపు కొన్నిటికి పుట్టుకతోనే వస్తుంది.

మరి ఏమి పెట్టాలి? ముందుగా ఒక నియమం. కుక్క గిన్నె బాధ్యత యింట్లో ఒక్కరిదే కావాలి. తక్కినవారు ముద్దుగా పెట్టే చిరుతిండి మొత్తం రోజు తిండిలో పదో వంతు మించకూడదు. అది కూడా గిన్నె లెక్కలోనుంచి తగ్గించవలసిందే. పెద్ద కుక్కకు రోజుకు రెండు పూటలు చాలు, వేళ తప్పకూడదు. అన్నం కుక్కకు పనికిరాదన్న మాట నమ్మకండి. మనిషి దగ్గర వేల యేళ్ళు బ్రతికిన కుక్క, తోడేలుకు లేని విధంగా, పిండిపదార్థాన్ని అరిగించుకోవడం నేర్చిందని 2013లో స్వీడన్ శాస్త్రజ్ఞులు దాని జన్యువులలోనే చూపించారు. కాని అన్నం, పెరుగు మాత్రమే పెట్టి బొచ్చు మెరవలేదంటే యెట్లా? బొచ్చు అంతా మాంసకృత్తులే. అవి తిండిలో చాలకపోతే ముందు దెబ్బతినేది బొచ్చే. వుడికించిన కోడి మాంసం, ముల్లు తీసిన చేప, గుడ్డు, వీటిలో ఏదో ఒకటి రోజూ వుండాలి. శాకాహారుల యిళ్ళలో కుక్కకు గుడ్డు ఒప్పుకునేవారుంటే సగం చిక్కు తీరినట్లే. అదీ కాదంటే అన్ని పోషకాలూ సరిపడా వున్న తయారు తిండి కొని, కొలిచి పెట్టండి.

యింటి వంటే పెట్టేవారు పిల్లకుక్క విషయంలో మాత్రం పశువైద్యుణ్ణి అడిగి తీరాలి. వట్టి అన్నం, మాంసంలో సున్నపు ధాతువు చాలదు. అట్లాగని తయారు తిండి తినే పెద్ద జాతి పిల్లకు, త్వరగా యెదగాలని పైనుంచి కాల్షియం మందులు పోస్తే ఎముకలు వంకర తిరిగే ప్రమాదం వుంది. తక్కువైనా చెరుపే, యెక్కువైనా చెరుపే.

పెట్టకూడనివి గోడమీద వ్రాసి పెట్టుకోండి. వుల్లిపాయ, వెల్లుల్లి రక్తాన్ని చెరుస్తాయి. మన కూరలన్నిటిలోనూ అవి వుంటాయి గనుక కూర కలిపిన అన్నం పెట్టవద్దు. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. అంచేత పాయసం గిన్నె నాకనీయకండి. చాక్లెట్టు విషం. చక్కెర లేదని చెప్పే కొన్ని చూయింగ్‌గమ్ములలో, మిఠాయిలలో వుండే జైలిటాల్ అంతకంటె విషం. వుడికించిన ఎముక చీలి పేగులలో గుచ్చుకుంటుంది. పాలు కొన్ని పెద్ద కుక్కలకు విరేచనాలు పట్టిస్తాయి, పెరుగు చాలావాటికి పడుతుంది.

ఒక హెచ్చరిక. అన్ని జాతులకూ ఒకే కొలత పనికిరాదు. కర్నాటకలోని ముధోల్ వేటకుక్కను చూడండి. గాలిని చీల్చుకుపోవడానికి పుట్టిన ఒళ్ళు అది. సన్నని నడుము, లోతైన ఛాతీ, పొడుగు కాళ్ళు. ఒకటి రెండు ప్రక్కటెముకలు లీలగా కనబడడం దానికి సహజం. పాపం తిండిలేక చిక్కిపోయిందని దాన్ని మేపి గుండ్రంగా చేస్తే ముధోల్‌ను చంపి మరేదో తయారుచేసినట్లే. తమిళనాడులోని చిప్పిపారై కూడా ఆ మాదిరిదే. రాజపాళయం వాటికంటె కాస్త బరువైన ఒళ్ళు. మన జాతులమీద యీ మధ్య శ్రద్ధ పెరగడం సంతోషం. 2005లో తపాలా శాఖ ముధోల్, రాజపాళయం, రాంపూర్ వేటకుక్క, హిమాలయ గొర్రెలకుక్క బొమ్మలతో నాలుగు బిళ్ళలు విడుదల చేసింది. కొత్తగా ప్రదర్శన సరదా పుట్టినవారికి నా సలహా యేమంటే, మన యెండలకు పుట్టిన కుక్కను తెచ్చుకోండి. మంచుదేశపు హస్కీని తెచ్చి బెజవాడ వేసవిలో ఏసీ గదిలో బందీ చేసి, దానికి కండ పట్టలేదని బాధపడడం యెందుకు?

తిండి తరువాతది నడక. కండ గిన్నెలోనుంచి రాదు, నేలమీద నుంచి వస్తుంది. పాలరాయి పరిచిన వసారాలో అటూ యిటూ తిరగడం వ్యాయామం కాదు, పైగా జారి కీళ్ళు బెణుకుతాయి. మట్టిరోడ్డు, గడ్డినేల, సముద్రం దగ్గరున్నవారికి తడి యిసుక, యివి మంచివి. బరిలో జడ్జీ చూసే నడక పరుగూ కాదు, మామూలు నడకా కాదు, రెంటికీ మధ్యదైన జోరునడక. రోజూ పది నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి కాస్త చొప్పున పెంచుతూ, గొలుసు వదులుగా పట్టుకొని, తిన్నగా ఆ నడక నడిపించండి. వీపు కదలకుండా, కాళ్ళు అడ్డం పడకుండా సాగే నడక మూడు నాలుగు నెలల్లో కుదురుతుంది. మీ మధుమేహానికి డాక్టరు చెప్పిన నడక కూడా దానితోనే తీరిపోతుంది. పెద్ద జాతి పిల్లలను మాత్రం ఎముకలు గట్టిపడేదాకా, అంటే యేడాది, యేడాదిన్నర వచ్చేదాకా, దూరపు పరుగులు పెట్టించకూడదు, ఎత్తులు దూకించకూడదు. వాటికి ఆటే చాలు.

మన ప్రాంతంలో వ్యాయామానికి పెద్ద శత్రువు యెండ. మనకులాగు కుక్కకు ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల మెత్తలలో తప్ప స్వేదం లేదు. నాలుక చాచి వగర్చడమే దాని చల్లదనం. పగ్, బుల్‌డాగ్ వంటి పొట్టిమూతి కుక్కలకు ఆ వగర్పు కూడా సరిగా సాగదు. వేసవిలో నడక తెల్లవారేలోపల ముగియాలి. రోడ్డుమీద మీ చేతి వెనకవైపు ఏడు సెకండ్లు ఆనించలేకపోతే ఆ రోడ్డు కుక్క పాదానికీ తగదు. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీటు. విపరీతంగా వగరుస్తూ, చొంగ కారుస్తూ, తూలితే వడదెబ్బే. నీడకు చేర్చి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి, ఫంకా వేసి, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి. మూసిన కారులో కుక్కను అయిదు నిమిషాలైనా వదలడం నేరమే అనుకోండి.

యిక బొచ్చు సంగతి. నూనె రాస్తే మెరవదు. దుమ్ము పట్టి జిడ్డవుతుంది, జడ్జీ చేతికి అంటుతుంది. మెరుపు లోపలినుంచి రావాలి. పైనుంచి మనం చేయగలిగినది దువ్వడం. పొట్టిబొచ్చుకు రబ్బరు పళ్ళ బ్రష్షు, పొడుగుబొచ్చుకు మొదళ్ళదాకా దిగే దువ్వెన, రోజూ పది నిమిషాలు. చచ్చిన వెంట్రుక రాలిపోతుంది, చర్మంలోని సహజమైన నూనె వెంట్రుక చివరిదాకా పాకుతుంది. దువ్వే చేతికే గడ్డలూ, పుండ్లూ, పిడుదులూ ముందుగా తెలుస్తాయి. స్నానం వారంవారం అక్కరలేదు. చాలా కుక్కలకు నెలకొకటి చాలు. మన సబ్బులు, షాంపూలు దాని చర్మానికి సరిపడవు, కుక్కలకోసం చేసినదే వాడాలి. పోసిన తరువాత మొదళ్ళదాకా ఆరబెట్టాలి. వానాకాలంలో తడి మిగిలితే బూజు తామర పడుతుంది. జర్మన్ షెపర్డ్, గోల్డెన్ రిట్రీవర్ వంటి రెండు పొరల బొచ్చున్న కుక్కలకు వేసవని గుండు గీయించకండి. ఆ బొచ్చే వాటికి గొడుగు. ప్రదర్శనకు స్నానం రెండు రోజుల ముందు చేయిస్తే బొచ్చు సర్దుకుంటుంది.

పిడుదుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కొన్ని చోట్ల వీటిని గోమార్లంటారు. యిది అసహ్యం మాత్రమే కాదు, ప్రాణాంతకం. కుక్కపిడుదు కాటువల్ల ఎర్లీకియా అనే సూక్ష్మజీవి రక్తంలో ప్రవేశిస్తుంది. జ్వరం, తిండి మానడం, ముక్కునుంచి రక్తం కారడం దాని లక్షణాలు. ఒక ఆడపిడుదు నేలమీద, గోడ పగుళ్ళలో వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. అంచేత కుక్కమీద యేరితే సరిపోదు, పడుకునే చోటు, గోడ మూలలు శుభ్రం చేయాలి. కిరోసిను పూయడం పాత మోటు పద్ధతి, చర్మం కాలుతుంది, కుక్క నాకుతుంది. డాక్టరు చెప్పిన మందే నెలనెలా వేయండి. యింట్లో పిల్లి కూడా వుంటే జాగ్రత్త. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ వంటి మందులు పిల్లికి విషం.

పెద్ద కుక్కకు 42 పళ్ళు. జడ్జీ పెదవి యెత్తి చూసేది కాటు అమరికకోసమైనా, పచ్చని గార కూడా ఆయన కంట పడక మానదు. మెత్తని బ్రష్షుతో, కుక్కలకోసం చేసిన పేస్టుతో వారానికి మూడు నాలుగుసార్లు తోమండి. మన పేస్టు వద్దు, అది వుమ్మివేయడం దానికి తెలియదు. నడుస్తుంటే గచ్చుమీద గోళ్ళు టకటకలాడితే పెరిగాయన్నమాట. గోళ్ళు పెరిగితే పాదం విచ్చుకొని నడక చెడుతుంది. గోటిలోపల రక్తనాళం వుంటుంది గనుక కొసమాత్రం కొద్దికొద్దిగా తీయండి. చెవులు వాలిన కుక్కలకు వానాకాలంలో వారానికొకసారి చెవి వాసన చూడండి. పుల్లని వాసన వస్తే డాక్టరు పని పడినట్లే.

ఒళ్ళు యెంత బాగున్నా, కుక్క మనసు తయారు కాకపోతే బరిలో నిలవదు. కొత్త మనిషి వచ్చి నోరు తెరిచి, వీపు తడిమి, తొడ నొక్కితే వూరుకోవాలి. కరవబోయిన కుక్కను బయటికి పంపివేస్తారు. యిది పిల్లప్రాయంలోనే నేర్పాలి, యిందుకు యింట్లో పిల్లలు మంచి సహాయకులు. రోజూ ఒకరు జడ్జీ అయి, పెద్దలు దగ్గరుండగా, నెమ్మదిగా తడమాలి. మరొకరు గొలుసు పట్టుకొని నాలుగు కాళ్ళూ సమంగా నిలబెట్టాలి. ఒక్క నిమిషం కదలకుండా నిలబడితే ఒక చిన్న తునక బహుమానం. చుట్టాలను, పాలవాణ్ణి, ప్రక్కింటివారిని కూడా దానిమీద చెయ్యి వేయమనండి. పెళ్ళిపందిళ్ళ మైకు చప్పుడు దూరంనుంచి వినిపించి అలవాటు చేయండి. కొట్టి నేర్పిన కుక్క నిలబడుతుంది గాని, తోక కాళ్ళ మధ్య పెట్టుకొని నిలబడుతుంది. ఆ తోక చెప్పే కథ జడ్జీకి తెలుసు.

దొడ్డిదారులు కొన్ని వున్నాయి. బొచ్చుకు రంగు వేయడం, మచ్చ కనబడకుండా పొడి అద్దడం, ఒళ్ళు తగ్గడానికి ముందు మూడు రోజులు పస్తులుంచడం, ఒళ్ళు రావడానికి మందులు పొడిపించడం. వీటిలో కొన్ని నియమాలకు విరుద్ధం, అన్నీ కుక్కకు విరుద్ధం. అందంకోసం చెవులు కోయించడం, తోక కత్తిరించడం అనవసరమైన బాధ. జంతుహింస నివారణకు 1960లోనే చట్టం చేసుకున్న దేశం మనది, పశువు అవయవాన్ని ఛేదించడం అందులో నేరంగా చెప్పారు. తోక వున్న డాబర్‌మన్ వెనకనుంచి కూడా డాబర్‌మనే.

ప్రదర్శనరోజు సంగతులు కొద్దిలో చెబుతాను. నమోదు కాగితాలు, టీకాల పుస్తకం ముందురోజే సంచిలో పెట్టుకోండి. రేబీసుతోపాటు డిస్టెంపర్, పార్వో టీకాలు కాలం మీరకుండా వుండాలి. వందల కుక్కలు చేరే చోట రోగం కూడా చేరుతుంది. దగ్గు, విరేచనం, జ్వరం వుంటే ప్రవేశ రుసుము పోయినా సరే, యింటిదగ్గరే వుంచండి. అది మీ కుక్కకే కాదు, తక్కినవారి కుక్కలకు కూడా మీరు చేసే మేలు. పొద్దున్న తేలిక తిండి, అదీ ప్రయాణానికి చాలా ముందు. తాగేనీళ్ళు యింటినుంచే తీసుకువెళ్ళండి. అలవాటైన చాప, ఒక తువ్వాలు, నీడకు గొడుగు వుండాలి. బరిలోకి వెళ్ళేటప్పుడు మీ గుండె దడదడలాడితే ఆ దడ గొలుసు వెంట కుక్కకు పాకుతుంది. యింటిముందు నడిపించినట్లే నడిపించండి.

చివరిగా, వంశపత్రం లేని కుక్కలున్నవారు యిదంతా మనకు కాదు అనుకోవద్దు. వీధిలో దొరికిన పిల్లను పెంచుకుంటున్న ఒక సోదరి, మా కుక్కను ఏ బరిలోకీ రానివ్వరు గదా, దానికి యీ శ్రమంతా యెందుకని అడిగారు. అమ్మా, పైన వ్రాసినవాటిలో వంశపత్రం అడిగేది ఒక్కటీ లేదు. ప్రక్కటెముకల మీద మీ చెయ్యి, కొలిచి పెట్టిన గిన్నె, తెల్లవారుజాము నడక, పది నిమిషాల దువ్వెన, నెలనెలా పిడుదుల మందు, యివి ఏ కుక్కకైనా ఒకటే. రోజెట్టు రిబ్బను జడ్జీ యిస్తాడు, పదింటిలో తొమ్మిది కుక్కలకు అది దక్కదు. ఆ లాబ్రడార్లకు దక్కిన రెండేళ్ళు మాత్రం ఏ జడ్జీ యిచ్చినవీ కావు. అవి యింట్లో గిన్నె పట్టుకున్న చేతిలో వుంటాయి.

యివాళ రాత్రి భోజనాలైన తరువాత మీ కుక్కను దగ్గరకు పిలిచి, పక్కమీద చెయ్యి వేసి చూడండి. మెటికలా, అరచెయ్యా, చేతి వెనకవైపా? జవాబునుబట్టి రేపటి గిన్నె కొలవండి.